క్వాయి వంతెనను కట్టినవా రెవరు?

యుద్ధచిత్రములు చరిత్రను తప్పుగ జూపుచున్నవని ఆక్షేపించువారు సాధారణముగ తుపాకులను, టోపీలను, పతకములను లెక్కించుచుందురు. ఆ యేట ఆ తుపాకి లేదనియు, ఆ దళమువా రట్టి టోపీ ధరింపలేదనియు వాదింతురు. ఈ పరీక్ష నిష్ప్రయోజనమని మేము చెప్పము. కాని యొక్కొక్కప్పు డిది యిల్లు కూలుచుండగా గడపకు పసుపు చాలలేదని చింతించుట వంటిది. చిత్రములోని వస్తువులు సరిగ నున్నవా యను ప్రశ్నకంటె, చిత్రమునుండి ఎవరు తొలగింపబడిరి యను ప్రశ్న పెద్దది. దీనిని విచారించుటకు లోకప్రసిద్ధమైన యొక చిత్రమును దీసికొందము.

డేవిడ్ లీన్ దర్శకత్వమున 1957లో వెలువడిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' అను చిత్రమును కడచిన సంవత్సరము మా పాఠశాలలో పై తరగతుల విద్యార్థులకు జూపితిమి. మఱునాడు 'ఆ వంతెనను కట్టినవా రెవరు?' అని యడుగగా తరగతి యంతయు నేకకంఠముతో 'ఇంగ్లీషు సైనికులు' అని బదులు చెప్పెను. చిత్రము చూపినది అంతియే గనుక పిల్లల తప్పు లేదు. ముందుగ నేమియు చెప్పక చూపిన తప్పు మాది.

కథ యిట్టిది. జపానువారి చెఱలోనున్న కర్నల్ నికల్సన్ అను ఇంగ్లీషు అధికారి, తన సైనికుల క్రమశిక్షణ నిలుపుటకై వంతెనపనికి పూనుకొని, క్రమముగ ఆ పనిమీది మమకారమున అది శత్రువున కుపకరించునను మాటనే మఱచును. తుదకు తనపక్షమువారే వచ్చి యమర్చిన మందుపాతరతో వంతెన కూలిపోవును. ఆ పాత్రను అలెక్ గిన్నెస్ నటించిన తీరు మెచ్చదగినది. కర్తవ్యమను పేర అహంకారము మనుజు నెట్లు అంధుని జేయునో యింత చక్కగ చూపిన చిత్రము లరుదు. దీనికి ఏడు ఆస్కారు బహుమానములు వచ్చుటలో నాశ్చర్యము లేదు.

చరిత్ర వేఱు. బర్మాలోని తమ సేనకు సముద్రముపై సామగ్రి పంపుట యపాయకరము కాగా, జపానువారు 1942, 1943 సంవత్సరములలో థాయిలాండునుండి బర్మాకు సుమారు 415 కిలోమీటర్ల రైలుమార్గమును వేయించిరి. తామర్కాన్ వద్ద నొక కఱ్ఱవంతెనయు, దాని చెంతనే యొక ఉక్కువంతెనయు 1943లో సిద్ధమయ్యెను. పూర్తియైన నాడే యవి కూలలేదు. వానిమీద రైళ్లు నడచినవి. 1945లో మిత్రరాజ్యముల విమానములు బాంబులు వేసి వానిని చెఱచెను. బాగుచేయబడిన ఉక్కువంతెన నేటికిని నిలిచియున్నది. చిత్రములో జపాను ఇంజనీర్లు చేతకానివారు. వాస్తవముగ ఆ మార్గమును నిర్ణయించి నిర్మాణమును నడిపినవారు వారే. తామర్కాన్ ఖైదీలకు పెద్దగా నున్న ఫిలిప్ టూసీ నికల్సన్ వంటివాడు కాడు. ఆయన తనవారి ప్రాణములు కాపాడుటకై జపానువారితో నేర్పుగ మెలగుచు, చాటున పనిని చెడగొట్టుటను ప్రోత్సహించెననియు, వంతెన కఱ్ఱలలో చెదలను విడిపించిరనియు చెప్పుదురు.

ఇన్ని మార్పులును దోషములేనా? మన ఆలంకారికు లీ విషయమున నుదారులు. కథను ఉన్నదున్నట్లు నిర్వహించుటతో కవికి ప్రయోజనము లేదనియు, అది యితిహాసమువలననే సిద్ధించుననియు, రసమున కనుకూలము కాని భాగమును విడిచి వేఱొకటి కల్పింపవచ్చుననియు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నంగీకరించెను. భారతములోని శకుంతలాకథలో లేని దుర్వాసశాపమును కాళిదాసు కల్పించెను. దానివలన దుష్యంతుని దోషము తొలగి రసము నిలిచెను. చరిత్రకారుడు జరిగినదానిని, కవి జరుగదగినదానిని చెప్పునని గ్రీకు పండితుడగు అరిస్టాటిలును విభజించెను. కావున వంతెనను కూల్చి కథను ముగించిన దర్శకుని మేము తప్పుపట్టము. ఆ కూలుటలోనే నికల్సన్ భ్రాంతియు కూలుచున్నది. టూసీ విషయ మంత సులభము కాదు. ఆయన 1975 వఱకు జీవించియుండెను. దుష్యంతుని కథను మార్చిన నొచ్చుకొనువారు లేరు. బ్రదికియున్నవాని స్థానమున వేఱొకని నిలిపినపుడు నొచ్చుకొనువా రుందురు.

అయితే ఆనందవర్ధను డిచ్చిన స్వాతంత్ర్యము రసముకొఱకు మాత్రమే. ఇప్పుడు అసలు విషయమునకు వత్తము.

ఈ మార్గముపై పనిచేసిన మిత్రరాజ్యముల ఖైదీలు సుమారు 60,000 మంది. వారిలో 12,000కు పైగా మరణించిరి. ఖైదీలకంటె ఎన్నియో రెట్లధికముగ, 1,80,000కు తక్కువ కాని ఆసియా కూలీ లచ్చట పనిచేసిరి. వారు బర్మీయులు, జావావారు, మలేలు, మలయా తోటలనుండి తేబడిన భారతీయులు. మరణించిన కూలీల లెక్కను ఎవరును సరిగ నుంచలేదు. 90,000 వఱకు నుందురని సాధారణముగ చెప్పు నంచనా. ఆ భారతీయులలో తమిళులే యధికులు, తెలుగువారును గలరు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పొట్టకూటికై కడలి దాటి రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు పోయిన కుటుంబములవారు వీరు.

ఖైదీలకు తమ సైన్యవైద్యులుండిరి. ఆజ్ఞ యిచ్చు అధికారులుండిరి. నీరు కాచి త్రాగవలెనని శాసించువారుండిరి. కూలీల కివేవియు లేవు. 1943 వర్షకాలమున కలరా వ్యాపించినపుడు వారు గుంపులు గుంపులుగ చనిపోయిరి. వీరిని తెచ్చిన విధమును వినదగినది. మొదట మంచి జీతమనియు, కొలదికాలపు పనియనియు ఆశ చూపిరి. అది చాలనపుడు బలాత్కారముగ పట్టుకొనిపోయిరి. ఉచితముగ సినిమా చూపుదుమని పిలిచి, జనము నిండిన పిమ్మట తలుపులు మూసి, మగవారిని రైలెక్కించిరని నాటివారు చెప్పిన వృత్తాంతములు కలవు. సినిమా చూడవచ్చి ఆ మార్గమున కూలీలైనవారికి, ఆ మార్గమును గూర్చిన సినిమాలో తావు లేకపోయెను. చిత్రమున వంతెనపనిలో వారిలో నొక్కడును కనబడడు.

మూలమైన నవలను 1952లో వెలువరించిన పియేర్ బూల్ అను ఫ్రెంచి రచయిత యుద్ధమునకు పూర్వము మలయా రబ్బరు తోటలలో ఇంజనీరుగ పనిచేసినవాడు. ఇట్టి కూలీలు ఆయన యెఱుగనివారు కారు.

ఒక్క చిత్రములో అందఱిని చూపుట సాధ్యమా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. కూలీని నాయకుని జేయుమని మే మడుగుట లేదు. వంతెన క్రింద మట్టితట్ట మోయు నలుగురు, అడవి యంచున కలరాపాకలనుండి లేచు పొగ, ఒక్క క్షణము తెఱపై కనబడిన చాలును. దానివలన రసమునకు హాని కలుగదు సరికదా, మేలు కలుగును. తన వంతెనను మురిసి చూచుకొను నికల్సన్ కండ్లయెదుట వేలమంది చచ్చుచుండగా వారిని గానక నడచిపోవుటకంటె అతని అంధత్వమును చాటు దృశ్య మేమున్నది? కాళిదాసు మార్పు కథకు బలమిచ్చెను. ఈ తొలగింపు చరిత్రకు ద్రోహము చేయుటయేకాక కథనే బలహీనపఱచెను. ఇది విమర్శకులుగ మా ఫిర్యాదు.

సినిమాయే కదా యని ఉపేక్షింపరాదు. ఆ వంతెన యున్నది నిజమునకు మేక్లాంగ్ నదిపై. చిత్రము చూచి వచ్చిన యాత్రికులు క్వాయి నది యెచ్చట నని వెదకుచుండగా, 1960 ప్రాంతమున ఆ భాగమునకు క్వాయ్ యాయి యని పేరు పెట్టిరి. కల్పితకథ నదికే క్రొత్తపేరు పెట్టగలిగినపుడు, పిల్లల మనస్సున కేది సత్యమో నిర్ణయింపజాలదా? ఆ వంతెనకు సమీపమున కాంచనబురిలో సుమారు 7,000 మంది సైనికుల సమాధులు పచ్చికనడుమ తీర్చిదిద్దబడి యున్నవి. వారి కా గౌరవము తగినదే. కూలీలలో పేరు చెక్కిన సమాధి దొరకినవా రరుదు.

ఇంకొక సంగతి గలదు. ఈ చిత్రమునకు సంభాషణలు, దృశ్యరచన కూర్చినవారు కార్ల్ ఫోర్మన్, మైకేల్ విల్సన్ అను నిరువురు. రాజకీయకారణములచే వారి పేళ్లు తెఱపై వేయక, బహుమానమును బూల్ పేర నిచ్చిరి. ఇరువురును గతించిన పిమ్మట ఆ సంస్థయే తప్పు దిద్దుకొని వారి కా గౌరవము నొసగెను. పనిచేసినవాని పేరు చెఱిపివేయుట యన్యాయమని చిత్రపరిశ్రమయే యొప్పుకొన్న దన్నమాట. ఆ న్యాయము వంతెన పనిచేసినవారికిని వర్తింపవలదా?

ఆ చిత్రమును చూడరాదని మేము చెప్పము, తప్పక చూడవలెను. ఈ సంవత్సరము దానిని మరల చూపుటకు ముందు నల్లబల్లపై 12,000 అనియు, దానిక్రింద 90,000 అనియు వ్రాసితిమి. చిత్రము ముగిసి దీపములు వెలిగిన పిమ్మట ఏ ప్రశ్నయు వేయలేదు. పిల్లలు చాలసేపు బల్లవైపు చూచుచు కూర్చుండిరి. తుదకు వెనుకవరుసనుండి యొక బాలుడు లేచి, 'రెండవ లెక్కవా రెవరండీ?' అని యడిగెను. ఇండ్లలో పిల్లలతో కూర్చుండి యుద్ధచిత్రములు చూచు తలిదండ్రులను మేము కోరునది ఆ ప్రశ్నకు ముందుగనే సిద్ధపడి యుండుమని మాత్రమే.