ఖాళీ బటన్లు

కారు చూడ్డానికి వెళ్లినవాడు మొదట చేసే పని తలుపు తీసి మళ్లీ వేయడం. ఆ చప్పుడుని బట్టి బండి జాతకం చెప్పేసే పెద్దలు మా తెనాలిలో వీధికొకరు ఉండేవారు. బరువుగా 'దబ్'మంటే మంచి బండి. 'టప్'మంటే రేకు డబ్బా. 2025 జనవరి మూడో వారంలో ఢిల్లీ ప్రగతి మైదానంలో భారత్ మొబిలిటీ ఎక్స్‌పోకి వెళ్లినప్పుడు నేనూ ఆ విద్య చూపిద్దామనుకున్నాను. కుదిరితేగా! సగం కార్లు తాడు అవతల, గిరగిరా తిరిగే వేదికల మీద ఉన్నాయి. తలుపు దాకా చెయ్యే చేరదు.

జనం ఎక్కడ మూగితే అక్కడికి నేనూ తోసుకుపోయాను. హ్యుందాయ్ దగ్గర క్రెటా ఎలక్ట్రిక్, ధర 17.99 లక్షల నుంచి. మారుతి దగ్గర ఇ-విటారా. టాటా వాళ్లు పాత సియెరా పేరుకి కొత్త ఒళ్లు తొడిగి నిలబెట్టారు. అన్నీ పెళ్లిలో మగపెళ్లివారిలా ఎత్తుగా, భుజాలు విరుచుకుని ఉన్నాయి. నేను వెతుక్కుంటూ వచ్చినవి వేరు. బడిపంతులు, మందుల షాపతను, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన అమ్మాయి, ఇలాంటివాళ్లు కొనుక్కునే కార్లు. వాటికి వేదికల్లేవు, నేల మీదే ఉన్నాయి. పోన్లే, అందుకే వాటి తలుపులు తెరుచుకున్నాయి.

ఇదే మైదానంలో 2008 జనవరి 10న సంగతి తలకిందులుగా ఉండింది. ఆ రోజు జనమంతా మెడలు సాచి చూసింది లక్ష రూపాయల కారుని. నేను అప్పుడు హైదరాబాదులో డెస్కు ఉద్యోగిని. రతన్ టాటా నానోని స్వయంగా నడుపుకుంటూ వేదిక మీదికి వస్తుంటే ఆఫీసు టీవీ ముందు పని ఆపి నిలబడ్డాం. వానలో స్కూటరు మీద ఒకరినొకరు కరుచుకుని పోతున్న కుటుంబాన్ని చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయన చాలాసార్లు చెప్పాడు. 2024 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మళ్లీ అందరూ ఆ స్కూటరునే తలుచుకున్నారు.

నాకు మాత్రం నానో అనగానే తీసివేతల లెక్క గుర్తుకొస్తుంది. ముందద్దానికి వైపరు ఒక్కటే. చక్రానికి బిగించే నట్లు మూడే. ఇంజను 624 సీసీ, రెండే సిలిండర్లు, అది కూడా బండి వెనక. బేస్ మోడల్‌కి ఎడమవైపు అద్దం లేదు. వెనక డిక్కీ తలుపున్నట్టే కనిపిస్తుంది, తెరుచుకోదు. సామాను పెట్టాలంటే లోపలి నుంచి సీటు మడవాలి. పెట్రోలు పోయించాలంటే ముందున్న బానెట్ ఎత్తాలి. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని, 'నువ్వు లేకపోతే బండి నడవదా?' అని నిలదీస్తే తప్ప ఆ ధర రాదు. ఉన్న బండికి నాలుగు తగిలించి పదిహేను లక్షలు చేయడం కంటే ఈ నిలదీత కష్టమని నా నమ్మకం. పాత చీరలోంచి ఇద్దరు పిల్లలకి పరికిణీలు కుట్టే దర్జీకి తెలుస్తుంది ఆ కష్టం.

అయినా నానో నిలవలేదు. 2018తో తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీ సింగూరు నుంచి సాణంద్‌కి తరలిపోవడం మొదలుకొని కారణాలు చాలానే చెబుతారు. అన్నిటికంటే చవకైన కారుగా దాన్ని ముద్ర వేయడమే పొరపాటని టాటాయే తర్వాత ఒప్పుకున్నాడు. స్కూటరు దిగి కారెక్కేవాడు పక్కింటివాళ్లకి కారు చూపిస్తాడు గానీ తను ఎంత మిగిల్చాడో చూపించడు కదా.

మా బాబాయి 1996లో ఒక మారుతి 800 కొన్నాడు. సెకండ్ హ్యాండ్, తెల్లది, ఏసీ లేదు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి బతిమాలితే గానీ మేలుకునేది కాదు. లోపల తలుపుకి పైభాగం వట్టి రేకు, బయటి రంగే లోపలా ఉండేది. మే నెలలో మోచెయ్యి తగిలితే చుర్రుమనేది. గుంటూరులో పెళ్లికి దాంట్లో ఏడుగురం వెళ్లాం, ఒడిలో పిల్లల్ని లెక్కెయ్యకుండా. మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ అందించింది 1983 డిసెంబరు 14న. ఆ తర్వాత పుష్కరం దాటినా మా వీధిలో బాబాయిదే మొదటి కారు. దాన్నెవరూ చవక కారనలేదు, బాబాయిగారి కారన్నారు. తనలో ఏమేం లేవో ఆ బండి దాచుకునేది కాదు. రేకుంటే రేకు కనిపించేది.

ఇప్పటి బేస్ మోడళ్లు దాస్తాయి. స్టీరింగ్ పక్కన వరసగా నాలుగు బటన్లుంటే మూడు ఖాళీవి. నొక్కితే లోపలికి పోవు, వాటి మీద బొమ్మ ఉండదు. పై మోడల్ కొనుంటే అక్కడ ఏదో ఉండేదన్నమాట. ఐదేళ్లు ఈఎంఐ కట్టేవాడికి రోజూ పొద్దున్నే 'నువ్వు కొననిది ఇదీ' అని గుర్తుచేసే ఏర్పాటు. ఇలా పొదుపు చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. మరోరకం పొదుపుంది. ఆల్టో కె10లో ముందు అద్దాలు దించే బటన్లు తలుపులకి ఉండవు, డాష్‌బోర్డు మధ్యలో ఉంటాయి. ఒకే జత ఇద్దరికీ అందుతుంది. అలవాటయ్యేదాకా చెయ్యి తలుపు మీద తడుముకుంటుంది, అంతే. ఇది బుద్ధితో చేసిన తీసివేత.

అసలు తీయకూడనిది తీసేశారు చాలాకాలం. 2014 జనవరిలో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన చిన్న కార్లని గోడకి గుద్ది చూస్తే నానోకీ ఆల్టో 800కీ ఒక్క స్టారూ రాలేదు. తలుపు చప్పుడు విని జాతకం చెప్పిన మా పెద్దల్లో ఒక్కరూ ఎయిర్‌బ్యాగ్ ఊసెత్తలేదు. మేమూ అడగలేదు. అడిగిందల్లా మైలేజీ. పదేళ్లు తిరిగేసరికి, 2024 నవంబరులో 6.79 లక్షలకి మొదలైన కొత్త డిజైర్‌లో బేస్ మోడల్‌కి కూడా ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, అదే పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి. ప్రదర్శన మొత్తానికి నాకు నచ్చిన వార్త ఇదే. దీనికి తిరిగే వేదిక ఎవరూ వేయరు.

డిజైర్ అంటే గుర్తొచ్చింది. దాని వెనక భాగం ఎవరో కత్తిరించినట్టుంటుంది చూశారా? కత్తిరించింది పన్ను. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. మొదటి డిజైర్ ఆ గీత దాటి ఉండేది. 2012లో వచ్చిన రెండోదాన్ని 3,995 మిల్లీమీటర్లకి కుదించారు. 2025 జనవరిలోనూ చిన్న పెట్రోలు కారుకి సెస్సుతో కలిపి 29 శాతం, పెద్ద ఎస్‌యూవీకి 50 శాతం పన్ను ఉండేది. మన వీధుల్లో కార్ల రూపురేఖలు గీసినవాళ్లలో సగం మంది ఆర్థిక శాఖలో కూర్చున్నారంటే తప్పులేదు.

మధ్యాహ్నం ఒక చిన్న కారు దగ్గర తెలుగు వినపడింది. నోయిడాలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు, భార్య, ఒంగోలు నుంచి వచ్చిన తల్లి. అతను సన్‌రూఫ్ కోసం చూస్తున్నాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది.

"ఇది బావుందిరా, మోకాలు పట్టట్లేదు," అంది.

"అమ్మా, దీనికి ఫీచర్లు లేవే," అన్నాడు.

"నాకు మోకాళ్లున్నాయి," అని ఆవిడ నావైపు తిరిగింది. "మీరైనా చెప్పండి బాబూ."

చెప్పాను. ఎత్తు సీటు, నిటారు తలుపు, కాలు నేలకి ఆనే దూరం. 1999 నుంచి వ్యాగన్ఆర్ నమ్ముకున్నవి ఇవే. 2024లో దాన్ని దాటి దేశంలో అందరికంటే ఎక్కువ అమ్ముడైన టాటా పంచ్ కూడా పొట్టిదే, ఎత్తుదే. కుర్రాడు మర్యాదకి తలూపి మళ్లీ పైకి చూశాడు.

తిరిగొస్తూ ఈవా అనే బుల్లి కరెంటు బండి దగ్గర కాసేపు ఆగాను. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల పట్టేంత. పైన సోలార్ పలక. బ్యాటరీ అద్దెకి తీసుకుంటే 3.25 లక్షల నుంచి అన్నారు. తీసివేతల విద్య ఇంకా చచ్చిపోలేదని సంతోషించాను. మా పిన్ని దీన్ని కారంటుందా అన్నది వేరే సంగతి.

బయటికొచ్చి క్యాబ్ పిలిస్తే వ్యాగన్ఆర్ వచ్చింది. సీఎన్‌జీ బండి, డిక్కీ నిండా సిలిండరే. నా పెట్టె ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. తలుపు వేశాను. 'టప్'మంది. మెల్లిగా వెయ్యండి, బండి రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిందని డ్రైవరు హిందీలో మందలించాడు. లోపల మంచి గంధం వాసన. ఎక్కడిదా అని ముందుకి వంగి చూశాను. స్టీరింగ్ పక్కనున్న ఖాళీ బటన్ ఒకటి ఊడబెరికి, ఆ కన్నంలో అగరొత్తి గుచ్చాడు.