మొదటి పేజీలో పేరు

హైదరాబాదు కోఠిలో పాత పుస్తకం చేతికందగానే నేను ధర అడగను. మొదటి పేజీ తిప్పుతాను. అక్కడ ఎవరిదో పేరు, రోల్ నంబరు ఉంటాయి. ఒక్కోసారి ఆ పేరు కొట్టేసి కింద ఇంకొకరిది. మూడు పేర్లుంటే పెద్దగా బేరమాడను. ముగ్గురు చదివారంటే సరుకున్నట్టే కదా! ముగ్గురూ చదవలేక వదిలించుకున్నారేమో అంటుంది మా ఆవిడ.

ఓసారి అలా పేర్లను నమ్మి ఒక డిటెక్టివ్ నవల కొన్నాను. చివరి ఫారం ఊడిపోయింది, పదహారు పేజీలు. హంతకుడెవరో నాకిప్పటికీ తెలీదు. అప్పట్నుంచి చివరి పేజీ కూడా చూస్తున్నాను.

కోఠి పేటదీ కొట్టేసి రాసుకున్న పేర్ల కథే. కోఠీ అంటే బంగళా. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన బంగళా అది. చుట్టూ పెరిగిన అంగళ్లు రెసిడెన్సీ బజారయ్యాయి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని దాడి చేసింది ఆ రెసిడెన్సీ మీదే. 1933లో బజారు తిరిగి నిజాం చేతికి రాగానే సుల్తాన్ బజార్ అయింది. బంగళా తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. దొరల మీద తిరగబడిన మనిషి పేరు దొరగారి మేడకి! ఆటోవాళ్లకి మాత్రం ‘విమెన్స్ కాలేజ్’ అంటేనే అర్థమవుతుంది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైన తేదీ 1901 సెప్టెంబరు 1. ఆ రోజు ఈ రెసిడెన్సీ బజారులోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు లాంటివాళ్లు వెనక నిలబడ్డారు. ఇక్కడే ఎందుకంటే, రెసిడెన్సీ హద్దుల్లో అధికారం ఇంగ్లీషువాళ్లది, నిజాం పోలీసు మాట చెల్లేది కాదు. ఊరంతా ఉర్దూ ఏలుతున్న రోజుల్లో తెలుగు పుస్తకానికి నీడ దొరికింది ఒక పరాయివాడి చూరు కింద. ఒప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఏం చేస్తాం.

ఆ గ్రంథాలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్లోనే ఉంది. నాలుగడుగులు వేస్తే ఇంజనీరింగు, మెడిసిన్ పుస్తకాలు గుట్టలుగా. ‘ఏ ఇయర్, ఏ బ్రాంచ్?’ అని అడిగి, అంత గుట్టలోంచీ కావలసినదాన్ని లాగేస్తాడు కుర్రాడు. పరీక్షలయ్యాక తెచ్చిస్తే తిరిగి కొంటాడు కూడా.

మీ ఇంట్లో అటక మీద పాత పుస్తకాలుంటే తూకానికి వేయకండి. ఓ పూట వీలు చూసుకుని కోఠికి తీసుకెళ్లండి. మొదటి పేజీ మాత్రం చింపకండి.