ఎలక్ట్రానిక్ సాక్ష్యము: ధ్రువపత్రమున కొరవడినది

ఆళ్లగడ్డ శిల్పి రాతిపై చెక్కిన అక్షరమును ఎవరైన మార్చినచో ఉలిగాటు మిగులును. సెల్‌ఫోనులోని వీడియో అట్టిది కాదు. అది ఒకట్లు, సున్నల వరుస మాత్రమే. అందొక సున్నను ఒకటిగా మార్చినను కంటికి గుర్తేదియు కనబడదు. నేరపరిశోధనలో ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు గల చిక్కంతయు నిందే యున్నది.

2020 నవంబరులో నంద్యాలకు చెందిన ఒక కుటుంబమున నలుగురు పాణ్యము సమీపమున రైలు క్రింద పడి మరణించిరి. అంతకుముందు వారు ఫోనులో తీసికొన్న వీడియో కొలది దినములకు బయటపడెను. అందలి ఆరోపణల దరిమిలా ఇద్దరు పోలీసు ఉద్యోగులు అరెస్టయిరి. అట్టి వీడియో ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు వాట్సాప్ ద్వారా పోవునపుడు సాధారణముగా కుదింపబడును. చూచుటకు ఒకటిగానే యున్నను నకలు మూలముతో సమానము కాదు. కావున లోకమంతయు చూచిన వీడియో యైనను, న్యాయస్థానమున దాని మూలమును నిరూపింపవలసియే యుండును.

1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా 2024 జూలై 1న భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. దాని 63వ సెక్షను క్రింద నకలుతోపాటు రెండు భాగముల ధ్రువపత్రము నీయవలెను. మొదటిది సాక్ష్యమును దాఖలు చేయువారు, రెండవది నిపుణుడు పూర్తి చేయవలెను. రెండింటను 'హాష్' విలువను వ్రాయవలెను. హాష్ అనగా ఫైలులోని అంకెలన్నిటిని ఒక గణితవిధానమున నడిపించి రాబట్టిన నిర్ణీత పొడవుగల గుర్తు. ఫైలులో ఒక్క కామా మారినను ఆ గుర్తు పూర్తిగా మారిపోవును. పాత చట్టమున లేని ఈ నియమము మెచ్చదగినదే.

ఐనను లోపములు లేకపోలేదు. ఎండీ-5, షా-1, షా-256 అను మూడు విధానములను ఆ పత్రము ఒకే వరుసలో నిలిపినది. వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ-5 గుర్తు వచ్చునట్లు చేయవచ్చునని 2004లోను, షా-1కును అదే గతియని 2017లోను శాస్త్రజ్ఞులు చేసి చూపిరి. ఇతరుల ఫైలును మార్చి, పాత గుర్తునే రప్పించుట నేటికిని సాధ్యము కాలేదు, నిజమే. కాని రెండు ఫైళ్లను ముందే సిద్ధపరచుకొన్న మోసగానికి త్రోవ తెరచియే యున్నది. షా-256 చేతనుండగా బలహీనమైన వానిని నిలుపుటకు కారణము కనబడదు.

రెండవ లోపము ఇంకను పెద్దది. హాష్ తీసిన క్షణము మొదలుకొని మార్పు జరుగలేదని మాత్రమే అది చెప్పగలదు. అంతకుముందు జరిగినదానికి అది సాక్షి కాదు. వెలుగుచున్న ఫోను నిమిషనిమిషమునకు తనలో ఏదో వ్రాసికొనుచునే యుండును. నెట్‌వర్కుకు అందుబాటులో నున్నచో దూరమునుండియే దానిని చెరిపివేయవచ్చును. ఏడేండ్లు, అంతకు మించిన శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలమునకు రావలెనని కొత్త నాగరిక సురక్షా సంహిత విధించినది. అమలునకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. ఆళ్లగడ్డ వంటి చోట్ల నిపుణుడు చేరులోపల ఫోనును మొదట తాకునది ఠాణా సిబ్బందియే. దానిని రేడియో తరంగములు చొరని సంచిలో నుంచుట, ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఎన్ని గంటలకు పోయినదో వ్రాయుట వారికి నేర్పనిదే నిపుణుని సంతకమునకు విలువ చాలదు.

ఉపాధ్యాయులు బడిలోని కంప్యూటరుపై ఒక పాఠమునకు హాష్ తీసి, ఒక్క చుక్క మార్చి మరల తీసి చూపవచ్చును. ఆ గుర్తు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విద్యార్థులకు స్పష్టమగును.