ఎవరూ చూడని హత్య

తెల్లవారుజామున పాలెర్మో వెళ్లే బస్సు బయల్దేరబోతోంది. ముదురురంగు సూటు వేసుకున్న మనిషొకడు పరుగున వచ్చి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. రెండు తుపాకీ దెబ్బలు. అక్కడికక్కడే కూలిపోయాడు. ఆ వెంటనే ప్రయాణికులంతా ఒక్కొక్కరే జారుకున్నారు. బస్సు పక్కనే శనగపిండి బిళ్లలు అమ్ముకునేవాడు కూడా మాయం. బడి గేటు దగ్గర పట్టుకుని అడిగితే, అసలు కాల్పులు జరిగాయా అని వాడే ఆశ్చర్యపోయాడు. రెండు గంటలు స్టేషన్లో కూర్చోబెట్టాక, చర్చి మూల బొగ్గుల బస్తాలాంటిదేదో ఉందనీ, అందులోంచి రెండు మెరుపులు వచ్చాయనీ చెప్పాడు. బస్తా అన్నాడే గానీ, మనిషి అని మాత్రం అనలేదు.

సిసిలీ రచయిత లెయొనార్దో షాషా 1961లో రాసిన ‘ద డే ఆఫ్ ద ఔల్’ ఇలా మొదలవుతుంది. ఇంగ్లీషు అనువాదంలో ఒక్క పూటలో చదివేయొచ్చు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌తో పెరిగిన మనకు, హంతకుడు ఎవరో తెలిస్తే కథ ముగిసినట్టే. ఇక్కడ దర్యాప్తు చేసే, పార్మా నుంచి వచ్చిన పోలీసు కెప్టెన్ బెల్లోదికి హంతకుడెవరో త్వరగానే తెలిసిపోతుంది. పారిపోతున్నవాణ్ణి చూసిన పాపానికి, చెట్లకొమ్మలు కత్తిరించే నికొలోసి అనే అమాయకుడూ మాయమైపోయాడు. అతను పోతూ పోతూ పెళ్లాం చెవిన వేసిన హంతకుడి మారుపేరే కెప్టెన్‌కి ఆధారం. అయినా పెద్దమనుషులు తలా ఒక సాక్ష్యం చెప్పి కేసుని నీళ్లపాలు చేస్తారు. సాక్షులు ఎదురుతిరిగారన్న వార్త రోజూ పేపర్లో చదివే మనకు ఇదేమీ కొత్త కాదు.

పుస్తకం ఇంత చిన్నదవడానికి కారణం షాషాయే చివర్లో రాసుకున్నాడు. ఏడాదిపాటు దీన్ని కత్తిరిస్తూనే కూర్చున్నాడట. ఎవరో పెద్దలు తమ గురించే రాశాడని కోర్టుకెక్కుతారన్న భయం. నన్నడిగితే ఆ భయమే పుస్తకానికి మేలు చేసింది. మధ్యమధ్యలో రోమ్‌లో ఇద్దరు మాట్లాడుకుంటారు. పేర్లుండవు, మొహాలుండవు, కెప్టెన్‌ని ఎలా తప్పించాలన్న మంతనాలు మాత్రం వినబడతాయి. పేరు పెట్టి ఉంటే వాళ్లు ఇద్దరు అవినీతిపరులుగా మిగిలిపోయేవారు. పేరు లేకపోబట్టి ప్రభుత్వమే మాట్లాడుతున్నట్టుంది.

నాకు మింగుడుపడనిది దాన్ మరియానో. మాఫియా పెద్ద. విచారణలో మనుషుల్ని ఐదు రకాలుగా విడగొట్టి కెప్టెన్‌కి చెప్పే అతగాడి ఉపన్యాసం ఇటలీలో సామెతలా పాకిపోయింది. బాగా రాశాడు, కాదనను. కానీ మరీ బాగా రాశాడు. నికొలోసి పెళ్లాన్ని మర్చిపోయి జనం ఈ ముసలాణ్ణి గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు.

అదే విచారణలో బెల్లోదికి ఒక ఆలోచన వస్తుంది: హత్యలకి సాక్షులు దొరకరు, కాబట్టి బ్యాంకు ఖాతాలు, ఆస్తులు తవ్వాలి. బడిపంతులుగా పనిచేసిన రచయితకు తట్టిన ఈ సంగతి ఇటలీ పార్లమెంటుకి తట్టడానికి ఇరవయ్యేళ్లు పైనే పట్టింది. మాఫియా ఆస్తులు తవ్వే బిల్లు పెట్టినవాళ్లలో ఒకరైన పియో లా తొర్రేని 1982 ఏప్రిల్లో మాఫియావాళ్లు కాల్చి చంపారు. సెప్టెంబరు మొదట్లో పాలెర్మోలో ప్రభుత్వ ప్రతినిధి (ప్రిఫెక్టు) అయిన జనరల్ దల్లా కియేజానీ చంపారు. ఆ తర్వాత పది రోజులకి చట్టం వచ్చింది.