మూడు వేల రెండు వందల అక్షరాల పనితనం

హైటెక్ సిటీలో కోడు రాసి బతికే స్నేహితులతో కూర్చున్నప్పుడల్లా నేను హెపటైటిస్-బి వైరస్ ప్రస్తావన తెస్తుంటాను. తక్కువ రాతతో ఎక్కువ పని చేయించడం వాళ్ల వృత్తి కదా. ఈ వైరస్ జన్యు పదార్థం మొత్తం కలిపి సుమారు 3,200 అక్షరాలే. మనిషి జన్యు పదార్థంలో మూడు వందల కోట్లకు పైగా ఉంటాయి. ఆ కాస్త రాతతోనే అది కాలేయ కణంలో దశాబ్దాల పాటు కాపురం పెడుతుంది, కొందరిలో కాన్సర్‌కూ దారి తీస్తుంది. అది చేసే హాని నాకు తెలుసు. దాని పొదుపును మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని ఒకచోట విరిస్తే రామాయణం, మరోచోట విరిస్తే భారతం. ఈ వైరస్ రాత కూడా అచ్చం అలాంటిదే. జన్యు భాషను మూడేసి అక్షరాలుగా చదువుతారు. ఒక అక్షరం పక్కకు జరిగి చదవడం మొదలుపెడితే అదే వరుసలో ఇంకో ప్రొటీన్ పలుకుతుంది. ఇందులో సగానికి పైగా అక్షరాలు ఇలా రెండు అర్థాలు మోస్తున్నాయి. పై తొడుగుకు కావలసిన ప్రొటీన్ల రాత మొత్తం, కాపీలు తీసే ఎంజైము రాతలోనే ఇమిడిపోయింది. ఒక్క అక్షరం మారితే రెండు కథలూ చెడిపోవచ్చు. అయినా వేల ఏళ్లుగా నిలబడింది.

మిగిలిన పనంతా మన కణం చేతనే చేయిస్తుంది. కాలేయ కణాల మీద పిత్త లవణాలను రక్తంలోంచి లోపలికి లాక్కునే ప్రొటీన్ ఒకటి ఉంటుంది, పేరు ఎన్‌టీసీపీ. అరుగుదలకు అవసరమైన ఆ ద్వారం గుండానే వైరస్ దూరుతోందని 2012లో బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం కనిపెట్టింది.

అసలు చమత్కారం లోపలికి వెళ్లాక. వైరస్ తెచ్చుకున్న డీఎన్‌ఏ అసంపూర్ణం. రెండు పోగుల్లో ఒకటి సగంలో ఆగి ఉంటుంది, రెండోదానిలో ఒక తెగుడు ఉంటుంది. మన కణ కేంద్రకంలో తెగిన డీఎన్‌ఏను అతికే ఎంజైములు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఖాళీ కనబడితే పూరిస్తాయి, తెగుడు కనబడితే కలుపుతాయి. ఇది ఎవరి డీఎన్‌ఏ అని అడగవు. అలా మన మరమ్మతు ఏర్పాటే దాన్ని నిండైన వలయంగా పూర్తి చేసి పెడుతుంది. మన హిస్టోన్ ప్రొటీన్లు ఆ వలయాన్ని చుట్టలు చుడతాయి, మన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజే దాన్ని చదువుతుంది. ఇలాంటి బయటి వలయాలను మూసేయడానికి కణానికి ఎస్ఎంసీ5/6 అనే కావలి ఉంది. వైరస్‌కు చెందిన ఎక్స్ ప్రొటీన్ ఆ కావలిని తాను స్వయంగా చంపదు. పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే కణం సొంత యంత్రాంగానికి పట్టిస్తుంది. 2016లో ఈ సంగతి బయటపడినప్పుడు, ఇంత చిన్న ప్రొటీన్‌కు ఇంత లోతైన ఎత్తుగడా అనిపించింది నాకు. ఇప్పుడు వాడే టెనోఫోవిర్ మాత్ర కొత్త కాపీలను ఆపగలదు. కేంద్రకంలో పాతుకుపోయిన ఆ వలయాన్ని మాత్రం తీసేయలేదు. అందుకే చాలామంది ఏళ్ల తరబడి మందు వాడాల్సి వస్తోంది.

ఇంత చేసినా, కాన్సర్ తేవడం వైరస్‌కు ఏ రకంగానూ లాభం కాదు. అప్పుడప్పుడు దాని డీఎన్‌ఏ ముక్క పొరపాటున మన క్రోమోజోములో ఇరుక్కుంటుంది. ఆ ముక్క నుంచి మళ్లీ నిండు వైరస్ పుట్టదు. కానీ అది టెర్ట్ వంటి జన్యువు పక్కన పడితే, కణానికి విభజనల హద్దు తొలగిపోవచ్చు. దానికి తోడు, సోకిన కణాలను మన రోగనిరోధక శక్తి చంపుతూ ఉండడం, వాటి స్థానంలో కాలేయం కొత్త కణాలను పుట్టిస్తూ ఉండడం. విభజన జరిగిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఒకటి కలుస్తుంది. ఇదంతా సాధారణంగా దశాబ్దాల వ్యవహారం.

వైరస్ వదిలే డొల్లల గురించీ చెప్పాలి. ఒక్కో నిజమైన వైరస్‌కు వేల నుంచి లక్ష దాకా ఖాళీ తొడుగులు రక్తంలో తిరుగుతాయి. ఒక్కో గోళం దాదాపు 22 నానోమీటర్లు, లోపల డీఎన్‌ఏ ఉండదు. మన ప్రతిరక్షకాలను వాటి వెంట తిప్పడానికే అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ రక్తంలో మొదట పట్టింది ఈ తొడుగు ప్రొటీన్‌నే. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ల్యాబ్‌లో చేసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష వెతికేదీ దీన్నే.

ఆ డొల్లనే టీకాగా మలిచిన మన ఊరి పనివాళ్లున్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టి, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పనిచేసిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. వైరస్ రాతలోంచి తొడుగు ప్రొటీన్ జన్యువును మాత్రమే తీసి, పిచియా అనే ఈస్ట్‌లో పెట్టారు. మన కాలేయ కణం చేత వైరస్ చేయించుకునే పనిని వీళ్లు ఈస్ట్ చేత చేయించారు. కణాలను పగలగొట్టి, ప్రొటీన్‌ను శుద్ధి చేస్తే అణువులు తమంతట తామే గోళాలుగా కూడుకుంటాయి. అందులో రోగం తెచ్చే వైరస్ రాత ఒక్క ముక్క కూడా ఉండదు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి పేరుతో వచ్చిన ఈ టీకా, దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన మొదటి టీకా. అప్పటికి సైబర్ టవర్స్ ఇంకా తెరుచుకోలేదు. వందల రూపాయలు పలికే విదేశీ టీకా పక్కన యాభై రూపాయల డోసు నిలబడింది. ఆ ధరలో కూడా పనితనమే ఉందంటాను నేను.

దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో హెపటైటిస్-బి టీకా చేరింది 2011 ప్రాంతంలో. ఇప్పుడు ఐటీ కారిడార్‌లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లంతా అంతకు ముందు పుట్టినవాళ్లే. చిన్నప్పుడు టీకా పడిందో లేదో తెలియనివాళ్లు ముందు రక్త పరీక్ష చేయించుకోవచ్చు. వైరస్ లేదని, రక్షణా లేదని తేలితే పెద్దవాళ్లకు మూడు డోసులు: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో.