హారంలో దాగిన హారాలు

పలక మీద 111111 రాసి, దాన్ని దానితోనే హెచ్చవేయండి. ఆరు వరసలు ఒక్కో స్థానం ఎడమకు జరుగుతూ మెట్లలా పడతాయి. నిలువునా కూడితే కుడి చివర ఒకటి, పక్కన రెండు, నడుమ ఆరు, మళ్లీ దిగి ఒకటి. జవాబు 12345654321. ఎటు నుంచి చదివినా ఒకటే.

క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు ఈ సంఖ్యను ‘గణితసార సంగ్రహం’లో పెట్టాడు. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, వరసగా తగ్గే సంఖ్య అని మహావీరుడు దీన్ని వర్ణించాడు. ఇటువంటి లబ్ధాలను కంఠాభరణాలతో పోల్చాడు.

అయితే ఆయన ఇచ్చిన లెక్క 111111 కాదు. 27994681ని 441తో హెచ్చవేయమన్నాడు. ఆ రెండింటిలో ఏ ఒక్కటీ చూడముచ్చటగా ఉండదు. మరి దండ ఎలా తయారైంది?

హారం అంటే దండ. భిన్నంలో గీత కింద ఉండి భాగించేదీ హారమే. ఈ దండ గుట్టు దాని హారాల్లోనే ఉంది. 111111 అంటే 111 × 1001. మొదటిది 3 × 37, రెండోది 7 × 11 × 13. వర్గం చేస్తే ఈ అయిదు ప్రధాన సంఖ్యలూ రెండేసి సార్లు వస్తాయి. వాటిలోంచి 3నీ 7నీ విడదీస్తే 21. దాని వర్గం 441. మిగిలిన 11, 13, 37 గుణిస్తే 5291. దాని వర్గమే 27994681. ఆచార్యుడు ఈ ప్రధాన సంఖ్యల పూసలను రెండు మూటలు కట్టి శిష్యుడి చేతికిచ్చాడన్నమాట.

ఒక మూటలోకి ఒక్కో రకం పూసను అసలు తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, రెండూ తీసుకోవచ్చు. అయిదింటికీ మూడేసి దారులు కాబట్టి, ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి 243. ఆ ఒక్క మూటను అన్ని రకాలుగా కట్టవచ్చు.

ఇందులో బోధనా నేర్పూ ఉంది. గుణకారంలో ఎక్కడ తప్పు దొర్లినా దండ తెగుతుంది. గురువు చెప్పకముందే పిల్లవాడికి తెలిసిపోతుంది. జవాబే పరీక్షాధికారి.

ఈ అందానికీ హద్దుంది. తొమ్మిది ఒకట్ల వర్గం దాకా మెట్లు చక్కగా ఉంటాయి. పదో ఒకటి చేరితే నడిమి నిలువు వరస మొత్తం 10 అవుతుంది, అందులో ఒకటి పక్కకు పోతుంది. జవాబు 1234567900987654321, దండ నడుమ తెగింది.

మహావీరుడి మరో దండ ఇంకా తేలిక: 12345679ని 9తో హెచ్చవేస్తే తొమ్మిది ఒకట్లు. 8 ఎక్కడికి పోయిందని పిల్లలు అడిగితే, ముందు ఆ సంఖ్యకు హారాలు వెతకమనండి. 333667తో పాటు, పాత దండలోని 37 మళ్లీ చేతికి తగులుతుంది.