వేడిని బట్టి తిరిగే ఫ్యాను

మేడారం జాతరకు సొంత బండిలో వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. జాతర మాఘమాసంలో వస్తుంది, అప్పటికి వరంగల్‌లో ఎండలింకా ముదరవు. అయినా పస్రా దాటాక రోడ్డు పక్కన బానెట్లు లేపుకుని జీపులూ తుఫాన్ బండ్లూ నిలబడి ఉంటాయి. చేతిలో నీళ్ల సీసాతో డ్రైవర్, చుట్టూ సలహాలిచ్చే జనం. అవే బండ్లు మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీల ఎండలో హన్మకొండ నుంచి ములుగుకు ఆగకుండా పోతాయి, మీటర్లో ముల్లు కదలదు.

కారణం బానెట్ కిందే ఉంది. నాదొక పాత మహీంద్రా ఎంఎం 540 జీపు. పెజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ. ఫ్యాను రెక్కలు వాటర్ పంపు హబ్బుకే బిగించి ఉంటాయి, రెండింటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. ఇంజిన్ ఎంత జోరుగా తిరిగితే ఫ్యానూ అంతే. బండి అరవైలో పోతున్నప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలే చాలు, ఆ వేగంలో ఫ్యాను ఊడబొడిచేదేమీ లేదు. పైగా వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఖర్చంతా డీజిల్ ట్యాంకులోంచే. అదే జాతర రోజుల్లో గట్టమ్మ గుడి దగ్గర మొక్కు చెల్లించుకుని కదిలే బండ్ల బారులో ఇరుక్కుంటే ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ ఐడ్లింగులో ఉంటుంది కాబట్టి ఫ్యానూ బద్ధకంగానే తిరుగుతుంది. గాలి బాగా కావలసిన చోటే అది దొరకదు.

ఎండ పాత్ర లేదనడం లేదు. రేడియేటర్ ఎంత వేడిని బయటికి పంపగలదనేది లోపలి నీళ్లకూ బయటి గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీలు, గాలి 30 అయితే తేడా 65. మే నెలలో గాలి 45కు చేరితే తేడా 50కి పడిపోతుంది. అంటే ఎండాకాలం అదే రేడియేటర్ సామర్థ్యం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినట్టే. అప్పటికే గొట్టాల్లో బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉంటే ఇక చెప్పేదేముంది.

ఫ్యాను వేగాన్ని చూసి కాక వేడిని చూసి తిరగాలన్న ఆలోచన మన ఊరి పక్కన కాజీపేటకు ఎప్పుడో వచ్చింది, రైలు పట్టాల మీద. కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరైన ఒక ఫిట్టర్‌తో టీ తాగుతూ కూర్చుంటే పొద్దు తెలియదు. ఆయనకు ఇష్టమైన ఇంజిన్ డబ్ల్యూడీఎం-2. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో మన దేశానికి వచ్చి, తర్వాత వారణాసిలో తయారైన 16 సిలిండర్ల, 2600 హార్స్‌పవర్ యంత్రం. దాని రేడియేటర్ ఫ్యాను పైకప్పు కింద పడుకున్నట్టు ఉంటుంది, పక్కల నుంచి గాలిని లాగి ఆకాశంలోకి వదులుతుంది. ఇంజిన్ షాఫ్టుకూ ఆ ఫ్యానుకూ మధ్య ఎడ్డీ కరెంట్ క్లచ్ ఉంటుంది. అందులో లోహం లోహాన్ని తాకదు. కాయిల్‌కు కరెంటు ఇస్తే పుట్టే అయస్కాంత బలమే ఫ్యానును లాక్కుపోతుంది. ఆ కరెంటును నడిపించేవి నీళ్ల వేడిని కనిపెట్టే స్విచ్చులు. మొదటిది పడితే ఫ్యాను నెమ్మదిగా, రెండోది పడితే పూర్తి జోరుగా తిరుగుతుంది. మూడోది పడిందంటే ఫ్యాను వల్ల కాదని అర్థం, లోకో పైలట్ ముందు అలారం మోగుతుంది.

పెజో వాళ్లకూ ఈ సంగతి తెలుసు. 1960లో వచ్చిన వాళ్ల 404 కారులో అవసరం లేనప్పుడు ఊరుకునే ఫ్యాను ఉంది, అదీ విద్యుదయస్కాంత క్లచ్చే. మన జీపుల్లోకి ఇంజిన్ వచ్చింది కానీ ఆ తెలివి రాలేదు. చివరికి మామూలు మనుషుల ఇళ్లకు రేడియేటర్ కరెంటు ఫ్యాను తెచ్చిన బండ్లలో 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800ను ముందు చెప్పుకోవాలి. అందులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. షాఫ్టు పక్కకు చూస్తుంటే రేడియేటర్ ముందుకు చూస్తుంది, బెల్టు ఫ్యాను పెట్టే వీలు లేదు. 1959 నాటి ఇంగ్లండు మినీ కారులో ఇదే చిక్కు వస్తే రేడియేటర్‌నే పక్కకు తిప్పి పెట్టారు. అదో మొండి ఉపాయం.

ఇక ఆటోనగర్. జీపుకు కరెంటు ఫ్యాను పెట్టమని అడిగితే మా ఉస్తాద్ వెంటనే స్పానర్ పట్టలేదు. ‘ఫ్యాను కొట్టిస్త సార్, ముందుగాల రేడియేటర్ సంగతేందో సూడనియ్యుండ్రి’ అన్నాడు. ఈ మాట అనే మెకానిక్ దొరకడం అదృష్టం. ఉన్నట్టుండి వేడెక్కడం మొదలుపెట్టిన బండికి ఫ్యాను కాదు, వైద్యం కావాలి. గొట్టాలు పూడుకుపోయాయేమో, బెల్టు వదులైందేమో, రేడియేటర్ క్యాపులో రబ్బరు పోయిందేమో చూడాలి. ఆ క్యాపు చిన్న వస్తువు కాదు. సుమారు 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచి నీళ్ల మరుగుడును 100 నుంచి 118 దాకా పైకి నెడుతుంది. అందుకే వేడి మీద దాన్ని తిప్పితే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

మా దాంట్లో కూడా గొట్టాలు సగం పూడుకున్నాయి. రాడింగ్, అంటే గొట్టాల్లో చువ్వలు దూర్చి శుభ్రం చేయడం, చేయించాం. పెద్ద ఫ్యాను తగిలిస్తే ఆ జబ్బు ఇంకో ఏడాది దాక్కుని ఉండేదేమో.

ఊరంతా వినిపించే ఇంకో సలహాతో నాకు పేచీ ఉంది. ‘వాల్వు పీకేస్తే సల్లగుంటది’ అంటారు. ఆ వాల్వు అంటే థర్మోస్టాట్. లోపల మైనం ఉంటుంది, 82 డిగ్రీల దగ్గర కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి చేరదు. డీజిల్ సరిగా మండదు, ఆయిల్ చెడుతుంది, లైనర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి తెరిచే ఉండిపోయి వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా చుట్టూ తిరిగి, చల్లబడడం అటుంచి మరింత వేడెక్కుతాయి. ఇంజిన్ 85, 90 మధ్య నడవాలి. అది సుఖంగా ఉండే వేడి మన ఒంటికి జ్వరం కంటే ఎక్కువైతే మనకెందుకు కంగారు?

ఫ్యాను స్విచ్చు ఎంచుకునేటప్పుడు కూడా ఇదే లెక్క. 82లో థర్మోస్టాట్ తెరుచుకునే ఇంజిన్‌కు 80లో ఆన్ అయ్యే స్విచ్చు పెడితే ఫ్యాను ఆగే ముచ్చటే ఉండదు. మాది 92లో మొదలై 87లో ఆగుతుంది. పై హోసు కోసి మధ్యలో అల్యూమినియం గొట్టం దూర్చి దానికి స్విచ్చు బిగించాడు ఉస్తాద్. రెండు పక్కలా రబ్బరే కాబట్టి ఆ గొట్టానికి విడిగా ఎర్త్ వైరు లాగాడు. అది మరిచిపోతే అన్నీ కొత్తవే ఉంటాయి, ఫ్యాను మాత్రం తిరగదు. ఫ్యానును రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు పెట్టించాను. ముందు పెడితే పని సులువే కానీ, బండి పరుగులో ఉన్నప్పుడు అదే ఎదురుగాలికి అడ్డం. చుట్టూ రేకుతో కవర్ చేయించాం. కవర్ లేకపోతే రెక్కల ఎదుట ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి వస్తుంది, మూలలు ఊరికే ఉంటాయి.

కరెంటు ఊరికే రాదు. 12 అంగుళాల ఫ్యాను తిరిగేటప్పుడు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండు హెడ్‌లైట్లు తిన్నంత. మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు. అది కూడా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఆల్టర్నేటర్ తక్కువ కరెంటు ఇచ్చే వేళ. రాత్రిపూట, వానలో, వైపర్లు ఆడుతుంటే బ్యాటరీయే అప్పిచ్చి నడిపిస్తుంది. అందుకని రిలే, ఫ్యూజు, లావు వైరు. డ్యాష్‌బోర్డు స్విచ్చు నుంచి సన్న వైరు లాగి ‘అయిపోయింది సార్’ అనే వాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి, కాలేది ఫ్యూజు కాదు, బండి.

నీళ్ల విషయం కూడా. వరంగల్‌లో మంచు పడదు కదా కూలంట్ ఎందుకంటారు. అచ్చమైన నీళ్లు కూలంట్ కంటే వేడిని బాగానే మోస్తాయి, నిజమే. కానీ తుప్పును ఆపవు. కూలంట్‌లో ఆర్వో నీళ్లు కాక డిస్టిల్డ్ వాటర్ కలపమంటాడు ఉస్తాద్, బోరు నీళ్ల పేరెత్తితే మాత్రం కోపమొస్తుంది ఆయనకు.

పని ముగిశాక ఆయన పాత ఫ్యాను రెక్కలనూ నాలుగు బోల్టులనూ గోనెసంచిలో చుట్టి వెనక సీటు కింద పడేశాడు. వద్దన్నాను. ‘మోటర్ల బ్రష్‌లు అరుగుతయ్ సార్. తాడ్వాయి అడివిల ఆగిపోతే బ్రష్‌లు యాడ దొర్కుతయ్? బెల్టు అట్లనే ఉంది, దీన్ని బిగిచ్చుకొని ఇంటికి రాండ్రి’ అన్నాడు.